మూడోసారి అడగని దొర

కోనసీమలో వద్దు అనే మాటకి వద్దు అని అర్థం కాదు. విస్తట్లో నెయ్యి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెడతారు. వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారేటట్టే పెడతారు. ఆ చెయ్యి చూసి గరిట వెనక్కి తీసేసుకున్నవాడి పేరు ఏడూళ్లు చెప్పుకుంటాయి. మొదటిసారి వద్దంటే అది మర్యాద. రెండోసారి వద్దంటే పెంపకం. మూడోసారి వద్దంటే పక్కనున్న పెద్ద ఎవరో కలగజేసుకుని, "ఏవిట్రా నీ మొహమాటం, వేయించుకో" అనాలి. నాలుగోసారి వద్దన్న మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఈ సంగతి తెలియని వాడొకడు ఓడలరేవు వచ్చేడు.

ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కట్టిన రెండు మూడేళ్ల తరవాతి మాట. ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్నారు. కుంపినీ వారి తరపున ఆ పనికి వచ్చిన దొరకి గడ్డం ఎర్రగా ఉండేది. అసలు పేరు పలకాలంటే ముందు నోట్లో గులకరాయి పెట్టుకోవాలి. అంచేత జనం ఎర్రగడ్డం దొర అనేసి ఊరుకున్నారు. లాకులకి కావలసిన ఇనప తలుపులు, టేకు దూలాలు కోరంగి నుంచి ధోనీలనే తెరచాప పడవల మీద సముద్రంలో రావాలి. ఓడలరేవు దగ్గర గోదారి పాయ వైనతేయం మొగలో దూరి, ఏటికి ఎదురెక్కి పైకి పోవాలి.

మొగ అంటే ఏరు సముద్రంలో పడే నోరు. ఆ నోట్లో పళ్లు ఇసుక మేటలు. ఏటా వరదకి పాత పళ్లు ఊడిపోతాయి, ఇంకో చోట కొత్తవి మొలుస్తాయి. కిందటేడు ధోనీ సుఖంగా పోయిన దారిలో ఈ ఏడు మోకాలి లోతు ఉండదు.

ఆ దారి తెలిసినవాడు సత్తియ్య. ముప్పై ఏళ్లుగా సముద్రంలో ధోనీ ఆగి శంఖం ఊదితే, సత్తియ్య తన చిన్న పడవ మీద వెళ్లి, ధోనీ ఎక్కి, చుక్కాని పట్టి లోపలికి తెచ్చేవాడు. దిగేటప్పుడు వాళ్లు ఓ బుట్టెడు ధాన్యం ఇస్తే తీసుకునేవాడు, ఇవ్వకపోతే దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. ఇంత కావాలని ఏనాడూ అడగలేదు. ఈ మొగకి నువ్వే మేటివి అని ఎవరూ పైకి అనలేదు. అంటే సిగ్గుతో చచ్చిపోయేవాడు. తనని కాకుండా ఇంకొకణ్ణి పిలిస్తే మాత్రం మూడు రోజులు కూడు తినేవాడు కాదు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. అంచేత ఎవరూ ఇంకొకణ్ణి పిలవలేదు. అలా రోజులు వెళ్లిపోతున్నాయి.

సత్తియ్య మాటకారి కాదు. ఇంట్లో రోజుకి పది మాటలకి మించి ఖర్చు పెట్టడు. అందులో ఆరు, పెళ్లాం చిన్నతల్లి అడిగినవాటికి ఊఁ కొట్టడానికే సరిపోయేవి. నోటితో అననిదంతా మనసులో అనుకునేవాడు. మనసులో మాత్రం అతనికి ఎవడూ ఆనడు.

దొర వచ్చీరాగానే ఉత్తర్వు వేసేడు. ఇకమీదట మొగలో ధోనీలు నడపడానికి ఒక్కడే సరంగు. వాడికి ఇత్తడి బిళ్ల, ఎర్ర జెండా, తెడ్లు వెయ్యడానికి నలుగురు మనుషులు. ఆ బిళ్ల లేనివాడు ధోనీని ముట్టుకోకూడదు, మొగలో పడవ దింపకూడదు. దింపితే కచేరీకి లాక్కుపోతారు.

అంటే, ఆ బిళ్ల రాకపోతే సత్తియ్యకి మొగ లేదు. యాభై దాటిన మనిషి. సముద్రం మీదికి వెళ్లి వలలు లాగే సత్తువ లేదు. చేతుల్లో మిగిలింది చుక్కాని పట్టే నేర్పొక్కటే. అది పోతే ఇంక ఒడ్డున చాప మీద కూర్చుని, చిరిగిన వలలు కుట్టుకుంటూ, దారిన పోయేవాళ్లని వరసపెట్టి పలకరించే ముసలాళ్లలో కలిసిపోవాలి. ఆ ముసలాళ్లంటే సత్తియ్యకి ముప్పై ఏళ్లుగా కంపరం.

దొరకి ఇంకో పిచ్చి ఉంది. మనుషులకి ఏం కావాలో రాసుకుంటాడు. ఏ దేశం వెళ్లినా అక్కడివాళ్లని, మీకు లోకంలో అన్నిటికన్నా ఎక్కువగా కావలసిందేమిటి అని అడుగుతాడు. వాళ్లు చెప్పింది తోలు అట్ట పుస్తకంలో ఎక్కిస్తాడు. వచ్చిన రెండో రోజున రేవులో పందిరి వేయించి, కుర్చీలో కూర్చుని, ఊళ్లోవాళ్లని ఒక్కొక్కళ్లనీ పిలిచేడు. మాటలు అటూ ఇటూ మార్చడానికి దుబాసీ సోమేశ్వరం పంతులు పక్కన నించున్నారు. పంతులు గారిది కొత్తపేట. నున్నటి మనిషి, మాట ఇంకా నున్నన.

ముందు కులపెద్ద తాతాజీని పిలిచేరు. డెబ్బై ఏళ్లవాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తమకి అన్నిటికన్నా ఏం కావాలో దొరగారు అడుగుతున్నారు" అన్నారు పంతులు.

"తమరి దయ ఉంటే చాలండి" అన్నాడు తాతాజీ.

"ఇంకేమీ వద్దా?"

"ఇంకేం కావాలండి బాబూ. దేవుడు ఏ లోటూ చెయ్యలేదు."

దొర రాసుకున్నాడు. తరవాత ముసలమ్మ పెద్దింట్లమ్మ వచ్చింది. "నాకేం కావాలి నాయనా, ఇలా కూర్చుని ఇలా కళ్లు మూసుకుంటే అంతే చాలు" అంది. ఆ పొద్దున్నే ఆవిడ కోడలితో చేపతలకాయ కోసం వీధికెక్కింది. ఆ కేకలు దొర పందిరిదాకా వినపడ్డాయి. దొర అదీ రాసుకున్నాడు. ముప్పై ఒక్క మందిని అడిగితే ముప్పై మందీ తమరి దయ చాలన్నట్టే మాట్లాడేరు. సత్తియ్య కూడా తమరి దయ అనే అన్నాడు, తల వంచుకుని.

ఒక్క లోవరాజు మాత్రం వేరేగా చెప్పేడు. వాడు కోరంగిలో ఓడెక్కి బర్మా దేశం రంగం పోయి, ఆరేళ్లు అక్కడ మూటలు మోసి వచ్చినవాడు. మూటలు మోసేనని చెప్పడు, ఓడలు నడిపేనంటాడు. "నాకు అందరికన్నా పైన ఉండాలనుందండి" అన్నాడు గుండెలు విరుచుకుని. జనం నేల చూపులు చూసేరు. ఎవరి పిల్లాడో నలుగురిలో బట్టలిప్పుకుని నిలబడితే చూసినట్టుగా.

దొర రాసినదేమిటో సాయంత్రం పంతులు గారు తాతాజీకి చెప్పేరు. తాతాజీ ఊరంతటికీ చెప్పేడు. "ఈ దేశపు మనుషులకి కోరికలు లేవు, ఒకణ్ణొకడు మించాలనే పట్టుదల అసలే లేదు, ఒక్కడు తప్ప" అని రాసేడట. ఊరు మురిసిపోయింది. చూసేరా, మనం రుషులమని దొర కూడా కనిపెట్టేడు అన్నారు.

సత్తియ్య ఉమ్మేసేడు. కోరికలు లేనివాళ్లట. గట్టు జానెడు జరిపినందుకు తలలు పగలగొట్టుకునేవాళ్లు. జాతరలో తాంబూలం ముందు ఆ ఇంటికిచ్చేరా ఈ ఇంటికిచ్చేరా అని తొమ్మిదేళ్లు మాటలు మానేసినవాళ్లు. కోరిక లేక కాదు, పైకి అనడానికి నామోషీ. అడక్కుండా ఇంకొకడు తెచ్చి చేతిలో పెట్టాలి, మనం వద్దు వద్దంటూ పుచ్చుకోవాలి. అందరికన్నా పైకెక్కాలి, ఎక్కించింది మాత్రం అందరూ అవ్వాలి. దొరకి ఇదెక్కడ తెలుస్తుంది? వాడి దేశంలో ఎవడి డప్పు వాడే కొట్టుకుంటాడు కాబోలు.

ఇలా అనుకున్న సత్తియ్య, తను ఏ బాపతో మాత్రం ఆలోచించలేదు.

సరంగుని ఎంచే రోజు పొద్దున్న చిన్నతల్లి చద్దన్నం పెడుతూ అంది, "మావా, ఇయ్యాల కాస్త నోరు తెరు."

"ఊఁ."

"ఊఁ కాదు. దొర అడిగితే, కావాలండి, నేను చేస్తానండి అను."

"అలాగంటే బాగోదే. తాతాజీ బాబాయ్ ఉన్నాడు. చెప్తాడు."

"ఆయన గొంతు సవరించుకునే లోపున ఆటు వెళ్లిపోయి పోటొస్తాది. దొరలు కాచుక్కూచుంటారా?"

"పెద్దోళ్లుండగా నా నోటితో నేనెలా అడుగుతానే? అడుక్కునేవోణ్ణా?"

"బిళ్ల లోవరాజుగాడికి పోతే అప్పుడు అడుక్కుందువుగాని, ఇంటింటికీ" అంది చిన్నతల్లి. మజ్జిగ సగం ముంతలోకి, సగం నేల మీదికి పోసి లోపలికి పోయింది.

పందిరి కింద ఊరంతా పోగైంది. సత్తియ్యని పిలిచేరు. దొర అతన్ని ఎగాదిగా చూసి నవ్వేడు. కోరంగిలో ధోనీలవాళ్లు ముందే చెప్పేరు కాబోలు.

"ఈ మొగ నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదని విన్నారట దొరగారు. నిజమేనా?" అన్నారు పంతులు.

"అబ్బే, ఎంతమాటండి. ఏదో పెద్దల చలవండి."

పంతులు దొర భాషలోకి మార్చి చెప్పేరు. దొర కనుబొమలు ముడిచేడు.

"నువ్వు అందరికన్నా మేలైన సరంగువా కాదా?"

"నేనేపాటండి. మా ఊళ్లో చాలామంది ఉన్నారండి."

"ఈ పని నీకు కావాలా?"

ఇక్కడ సత్తియ్య గుండె ఒక్కసారి ఎగిరింది. మొహం మాత్రం రాయిలా ఉంది. "నాకెందుకండి బాబూ, ముసిలోణ్ణి" అన్నాడు. అని, ఓరగా తాతాజీకేసి చూసేడు.

అంతా పద్ధతిగానే నడుస్తోంది. ఇప్పుడు దొర రెండోసారి అడగాలి. సత్తియ్య ఇంకోసారి వద్దనాలి. దొర మూడోసారి అనేటప్పటికి తాతాజీ లేచి, "తవఁరు వాడి మాట వినకండి, వాడే ఉండాలండి" అనాలి. ఊరంతా అవునవునండి అనాలి. సత్తియ్య తల గోక్కుని, "తమరందరి ఇష్టం" అనాలి. దాని కోసమే తాతాజీ అప్పటికే కండువా సర్దుకున్నాడు. గొంతు కూడా సవరించుకున్నాడు.

దొర రెండోసారి అడగలేదు. వద్దన్నాడుగా అని పుస్తకంలో గీత పెట్టేసి, "తరవాత" అన్నాడు.

లోవరాజు ముందుకొచ్చేడు. "నాకు కావాలండి. ఈ మొగలో నాకన్నా మొనగాడు లేడండి. కళ్లకి గంత కట్టినా నడుపుతానండి." దొర మొహం విప్పారింది. లేచి, వాడి చెయ్యి పట్టుకుని ఊపి, ఇత్తడి బిళ్ల వాడి రొమ్మున కట్టేడు.

తాతాజీ సవరించుకున్న గొంతు అలాగే ఉండిపోయింది. ఎవరూ కిక్కురుమనలేదు. దొర అడక్కుండా కలగజేసుకుంటే అమర్యాద కదా. ముప్పై ఏళ్ల మొగ పోయింది గానీ మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు.

పందిరి ఖాళీ అయ్యేక సత్తియ్య పంతులు గారి దగ్గరికి వెళ్లి, తలొంచుకునే అడిగేడు. "తవఁరు ఈ గడ్డ మీద పుట్టినోరే కదండి. మా వద్దుకి అర్థం తవఁరికి తెలుసు కదండి. దొరగారితో ఒక్కమాట చెప్పకపోయేరా?"

"చెబుదామనే అనుకున్నానయ్యా" అన్నారు పంతులు, ఉత్తరీయం దులుపుకుంటూ. "దొర నన్ను అడగందే?"

ఆ సాయంత్రం మొదలు సత్తియ్య వాకిట్లో జాతర. నీకు రావలసిందిరా అని ఒకడు. నువ్వు తప్ప ఇంకెవడురా అని ఇంకొకడు. తాతాజీ వచ్చి గంటసేపు కూర్చుని, "నేను అనబోతున్నాను, ఇంతలో ఆ గడ్డంవాడు గీత పెట్టేసేడ్రా" అన్నాడు. పొద్దున్న గుల్లలా మూసుకున్న నోళ్లన్నీ పొద్దుగూకేసరికి తెరుచుకున్నాయి. సత్తియ్య అందరికీ ఆయ్, ఆయ్ అని తలూపి పంపించేడు. మీ నోళ్లలో ఇసక పొయ్య అని మనసులో అనుకున్నాడు.

"వాళ్లననుకోడం దేనికి?" అంది చిన్నతల్లి, చీకట్లో మొగుడి మొహం చూడకుండానే. "దేవుడు నీకూ ఓ నోరిచ్చేడు. పిడచలు పెట్టుకోడానికే వాడేవు."

ఆవిడకి ఇంకో మంట కూడా ఉంది. లోవరాజు తెడ్ల మీదికి పెట్టుకున్న నలుగురిలో ఒకడు ఆవిడ తమ్ముడు అంజిబాబు. "సిగ్గులేదట్రా, బావ పొట్ట కొట్టినోడి పడవెక్కడానికి?" అని తిట్టింది. "బావ వద్దన్నాడు కదే అక్కా" అన్నాడు వాడు.

రెండు నెలలు సత్తియ్య చాప మీద కూర్చుని వలలు కుట్టేడు. దారిన పోయేవాళ్లని పలకరించలేదు. అదొక్కటే అతను నిలబెట్టుకున్నది.

భాద్రపదంలో ఏరు ఎర్రగా దిగింది. వరద తీసేక మొగలో మేటలు మారిపోయాయి. లోవరాజు వెళ్లి లోతులు చూసుకోలేదు. బిళ్ల తోముకోడానికే వాడికి పొద్దు చాలేది కాదు.

ఓ పగటిపూట కోరంగి నుంచి పెద్ద ధోనీ వచ్చింది. లాకు తలుపులు రెండు, దూలాలు, వాటితోపాటు ఎర్రగడ్డం దొర. శంఖం ఊదేరు. లోవరాజు జెండా కట్టుకుని, నలుగురు మనుషులతో వెళ్లి ధోనీ ఎక్కేడు. దొరగారు వస్తున్నారని పంతులు గారితో సహా ఊరంతా ఒడ్డుకి చేరింది.

సత్తియ్య కూడా నించున్నాడు, వెనకగా. నీళ్లు చూసేడు. లోతున్నచోట నీరు ఉబ్బి, నోరు మూసుకుని ఉంటుంది. అడుగున మేట ఉన్నచోట పైన ముడతలు పడుతుంది, ముసలిదాని మొహంలా. లోవరాజు ధోనీని తిన్నగా ఆ ముడతల మీదికి తెస్తున్నాడు. అది కిందటేటి దారి.

"దక్షిణంగా తిప్పాలి కదరా" అన్నాడు ఒకడు.

"తిప్పాలి" అన్నాడు తాతాజీ.

"చెప్పొద్దా మరి?"

"మనల్నెవరడిగేరు?"

సత్తియ్య పళ్లు బిగించేడు. చచ్చిందిరా పీడ అనుకున్నాడు. దొర ఉప్పునీళ్లు తాగాలి, ఆ లోవరాజు గాడు బిళ్లతో సహా మునగాలి. తనకి మొగ తిరిగొస్తుంది. ఇలా అనుకుంటూ ఉండగానే ధోనీ మేటకి కొట్టుకుంది. ముక్కు ఇసకలో దిగబడి, ఒళ్లు అడ్డం తిరిగింది. అలలు పక్కనుంచి మొత్తడం మొదలెట్టేయి. తెరచాప కొయ్య విరిగి పడింది. దాని కింద ఎవడో కేక పెట్టేడు.

చిన్నతల్లి మొగుడికేసి చూసింది, అంతే.

సత్తియ్య పంచె బిగించి, తన చిన్న పడవని నీళ్లలోకి తోసేడు.

"ఒరే, ఆగరా! బిళ్ల లేకుండా మొగలో దిగకూడదని దొర ఉత్తర్వు" అన్నాడు తాతాజీ.

"మొగలో మా బామ్మరిది ఉన్నాడు" అన్నాడు సత్తియ్య.

ధోనీ ఎక్కేసరికి అంజిబాబు కాలు కొయ్య కింద ఇరుక్కుని ఉంది. ముందు వాణ్ణి బయటికి లాగేడు. లోవరాజు చుక్కాని వదిలేసి, తాడొకటి కౌగిలించుకుని, తెలిసిన అమ్మవార్లందరికీ కొబ్బరికాయలు మొక్కుతున్నాడు. సత్తియ్య వాడికేసి చూడను కూడా చూడలేదు. "బరువు తగ్గాలి. ముక్కు దగ్గరున్న ఇనప తలుపు తోసెయ్యండి" అన్నాడు.

దొరకి మాట తెలీకపోయినా పని అర్థమైంది. చేతులూపుతూ తలుపుకి అడ్డం పడ్డాడు. వద్దన్నాడు. సత్తియ్య, "తొయ్యాలండి" అన్నాడు. దొర మళ్లీ వద్దన్నాడు. సత్తియ్య మళ్లీ అడిగేడు. దొర మూడోసారి కూడా వద్దన్నాడు, ఈసారి గడ్డం అదిరిపోయేలా. ఆ దేశంలో వద్దుకి ఏం అర్థమో సత్తియ్య ఎరగడు. తన దేశం మర్యాద ప్రకారం అడగవలసిన మూడుసార్లూ అడిగేడు. తలుపు తోయించేసేడు.

ముక్కు తేలింది. సత్తియ్య చుక్కాని పట్టి, వెనక వచ్చే అలల్ని లెక్కపెట్టకుండానే కనిపెడుతూ నించున్నాడు. చిన్నవి వదిలేసేడు. పెద్దది వచ్చి ధోనీని ఎత్తగానే, "వెయ్యండ్రా" అని అరిచేడు. నాలుగు తెడ్లూ ఒక్కసారి పడ్డాయి. ధోనీ ఇసకని గీరుకుంటూ జారి, దక్షిణం వైపు లోతులో పడింది. అటు తరవాత పెళ్లిపల్లకీలా రేవులోకి వచ్చింది.

ఒడ్డున దొర నీళ్లోడుతూ నించుని సత్తియ్య చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. గడ్డంలోంచి నీళ్లు, మాటలు కలిసి కారేయి.

"దొరగారు చాలా సంతోషించేరు. నీకు ఏం కావాలో కోరుకోమంటున్నారు" అన్నారు పంతులు.

సత్తియ్య నోరు అలవాటు చొప్పున, తమరి దయ అనడానికి తెరుచుకుంది. తెరుచుకున్న నోరు అలాగే ఆగింది. ఎదురుగా ఊరంతా ఉంది. తాతాజీ కండువా సర్దుకుంటున్నాడు, గొంతు సవరించుకోడానికి. రెండు నెలలు కూర్చున్న చాప గుర్తొచ్చింది. ఆ చాప అచ్చు ఇంకా పిర్రల మీద ఉంది.

"నాకు బిళ్ల కావాలండి" అన్నాడు.

పంతులు గారు మార్చలేదు. వినకూడని మాట విన్నట్టు చెవి గోక్కున్నారు.

"పంతులుగారూ, ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ మొగ నాకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఎవడికీ తెలీదు. లోవరాజుకి అసలే తెలీదు. నాకు కావాలి."

జనంలో ఎవరో నోరు నొక్కుకున్నారు. పెద్దింట్లమ్మ, "ఓలమ్మో, పైకే అనేసేడు!" అంది. పంతులు ఆ మాట ఉన్నదున్నట్టే దొరకి చెప్పేరు. దొర కేక వేసినంత పని చేసేడు. లోవరాజు రొమ్మున బిళ్ల లాగి సత్తియ్యకి కట్టేడు. తడిసిన పుస్తకం తీసి అక్కడికక్కడే రాసేడు.

"ఈ దేశంలో కూడా అందరికన్నా ముందుండాలనే కోరిక ఉందని, దాని కోసమే నువ్వు ప్రాణాలకి తెగించి అలల్లోకి వచ్చేవని రాస్తున్నారు" అన్నారు పంతులు.

"మా బామ్మరిది కోసం వచ్చేనండి."

పంతులు ఆ మాట దొరకి చెప్పేరు. దొర నవ్వి సత్తియ్య భుజం తట్టేడు గానీ అది మాత్రం రాసుకోలేదు. పెళ్లాం తమ్ముడి కోసం నీళ్లలో దూకడం కూడా ఓ కోరికేనని వాడి పుస్తకంలో గడి ఉన్నట్టు లేదు. వాడి దేశంలో పెళ్లాలకి తమ్ముళ్లుండరో ఏమో.

సత్తియ్యకి మొగ వచ్చింది. ఊరు మాత్రం ఓ అడుగు వెనక్కి జరిగింది.

ఎవరూ వెలివెయ్యలేదు. పలకరింపులు మానలేదు. "సరంగు గారూ" అని గారు కూడా తగిలించేరు, ముల్లు గుచ్చినట్టు. "నోరు విడిచి అడిగేడటర్రా, నలుగురిలో" అని వెనకాల అనుకునేవారు. లోవరాజు అడిగినప్పుడు ఎవరూ అంత బాధపడలేదు. వాడు రంగం వెళ్లి చెడినవాడు. సత్తియ్య ఇక్కడే ఉండి చెడ్డాడు. ఓ పెళ్లి భోజనంలో నెయ్యి వడ్డించేవాడు సత్తియ్య విస్తరి దగ్గరికి వచ్చేడు. సత్తియ్య మామూలుగా చెయ్యి అడ్డం పెట్టేడు. వాడు గరిట వెనక్కి తీసుకుని, "తమరికి కావాలంటే తమరే అడుగుతారు కదండీ" అని పక్క విస్తరికి పోయేడు. బంతి బంతంతా కిసుక్కుమంది.

సత్తియ్య వట్టన్నం తిని లేచేడు. మొగలో మునిగిపోతున్నవాణ్ణి, తమనెవరూ అడగలేదని చూస్తూ నించున్నవాళ్లు ఇవాళ తనకి మర్యాద నేర్పుతున్నారు. నవ్వండ్రా, ఎప్పుడో ఒకప్పుడు నా గుమ్మంలోకి రాకపోతారా అనుకున్నాడు.

వచ్చేరు. లోవరాజు కాకినాడ వెళ్లిపోయేడు, వాడితో పాటు ముగ్గురు తెడ్లవాళ్లు పోయేరు. మూడు తెడ్లు ఖాళీ. ఎవరిని పెట్టుకోవాలన్నది సరంగు ఇష్టం. ఓ సాయంత్రం తాతాజీ కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏరా సత్తిగా, బాగున్నావా?"

"ఆయ్."

"వానలు పర్లేదు."

"ఆయ్."

"చేప ఈ ఏడు కాస్త పలచనే."

సత్తియ్య తాడు పేనుకుంటున్నాడు. తాతాజీ పెద్దల్లుడు నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నాడు. ముసలాడు వచ్చిన పని వాడి మొహంలోనే కనిపిస్తోంది.

"ఏమైనా కావాలా బాబాయ్?" అన్నాడు సత్తియ్య.

"అబ్బే, నాకేం కావాల్రా? ఊరికే, నిన్ను చూసి పోదామని."

"సరే అయితే" అన్నాడు సత్తియ్య. మళ్లీ తాడు పేనుకున్నాడు.

తాతాజీ కాస్సేపు ఎదురుచూసేడు. దగ్గేడు. కర్ర అటుమార్చి ఇటుమార్చి పట్టుకున్నాడు. ఆఖరికి లేచి, "వస్తాన్రా మరి" అని గుమ్మం దిగేడు. సత్తియ్య లోపల ఓ చల్లటి సంతోషం పాకింది. రెండు నెలల చాప బాకీ తీరింది.

"అదేవిటి, ఇంకోమాటు అడగవా?" చిన్నతల్లి గుమ్మంలో నించునుంది.

"వద్దన్నాడుగా."

"వద్దన్నాడా?"

"దొర నన్నెన్నిసార్లు అడిగేడే?"

"దొరకి తెలీదు. వాడు ఎక్కడో పుట్టేడు, తెలీక అడగలేదు. నువ్విక్కడ పుట్టేవు." ఆవిడ గొంతులో తిట్టు లేదు. అందుకే అది ఎక్కువ తగిలింది. "నువ్వు తెలిసి అడగలేదు. మావా, నీకన్నా ఆ ఎర్రగడ్డం నయం."

ఆ మాట సత్తియ్యకి ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. తాడు కింద పడేసి లేచేడు. తిట్టుకుంటూనే వెళ్లేడు. ఈ ముసలాడు వద్దనడం ఏమిటి, తను వెనకాల పడి బతిమాలడం ఏమిటి, ఇదొక బతుకా అనుకుంటూ కొబ్బరితోట దారిలో తాతాజీని అందుకున్నాడు. ముసలాడు డెబ్బై అడుగులు కూడా నడవలేదు. కాలు నొప్పి కాదు, వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని.

"బాబాయ్, ఆగు. ఏదో పని మీద వచ్చేవు. చెప్పు."

"ఏం లేదురా. మాకేం తక్కువ?"

"నా మీద ఒట్టు. నువ్వు చెప్పకపోతే నేనిక్కణ్ణుంచి కదలను."

"సరే, నువ్వింతగా బలవంతం చేస్తున్నావు గనక" అన్నాడు తాతాజీ. ఆ మాట ఎంత గబుక్కున వచ్చిందంటే, నాలిక చివర కాచుకుని కూర్చున్నట్టే ఉంది. "మా పెద్దల్లుడికి ఓ తెడ్డు. చిన్నల్లుడికి ఓ తెడ్డు, లేకపోతే వాడు అలుగుతాడు. మూడోది మా మేనల్లుడికియ్యి. వాడికి రాదనుకో, నేర్చుకుంటాడు. మరి ధోనీ వచ్చినప్పుడు ఒడ్డున దొర పక్కన కులపెద్ద అనేవాడికి ఓ ముక్కాలిపీట ఉంటే ఊరికే గౌరవంరా, నాకోసం కాదు."

సత్తియ్య ఆయన మొహంలోకి చూసేడు. నవ్వాలో, మొగలో తోసెయ్యాలో తెలీలేదు.

"అంతేనా బాబాయ్? ఇంకేమైనా కావాలా?"

"అబ్బే, నాకింకేం వద్దురా" అన్నాడు తాతాజీ. అని, కర్ర నేలకి ఆనించి, కదలకుండా అక్కడే నించున్నాడు.